కారు ఇంజన్‌లో పొల్యూషన్ పార్టులు, వాక్యూమ్ పైపులు పీకేయొచ్చా? తరచుగా అడిగే ప్రశ్నలు

పాత కారు బానెట్ ఎత్తగానే ఓనర్ అనే మాట ఒకటుంది: “గీ సన్న పైపులన్నీ ఎందుకన్నా, పీకి పారేయ్.” నల్లగొండలో షెడ్డు పెట్టినప్పటి నుంచి వింటున్నా. దేవరకొండ బండి వచ్చినా, మిర్యాలగూడ బండి వచ్చినా, జడ్చర్ల నుంచి ఎవరైనా ఫోన్ చేసినా ఇదే ప్రశ్న. ప్రతిసారీ చెప్పింది మళ్లీ చెప్పే బదులు ఒకచోట రాసిపెడదామని కూర్చున్నా. నా మాట ముందే చెప్పేస్తా: పీకేయమని వచ్చిన బండ్లలో ఎక్కువ వాటికి కావాల్సింది పీకడం కాదు, పగిలిన పైపు మార్చడం.

అసలు ఇన్ని పైపులు ఎందుకున్నాయి?

పెట్రోలు ఇంజన్ ఐడిల్‌లో తిరుగుతున్నప్పుడు థ్రాటిల్ దాదాపు మూసి ఉంటుంది. పిస్టన్లు మాత్రం గాలిని గుంజుతూనే ఉంటాయి. దాంతో ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్‌లో, అంటే సిలిండర్లకు గాలి పంచే గొట్టాల్లో, వాక్యూమ్ పుడుతుంది. ఉచితంగా వచ్చిన ఈ గుంజుడుతో కంపెనీవాళ్లు పది పనులు చేయించుకుంటారు. బ్రేకు తేలిగ్గా పడటానికి బూస్టర్‌కు ఒక లావు పైపు. పాత కార్బొరేటర్ బండ్లలో ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్‌కు ఒక సన్న పైపు, అది ప్లగ్గు మంట పడే టైమింగ్‌ను ముందుకు జరుపుతుంది. ఏసీ వేసినప్పుడు ఐడిల్ పడిపోకుండా ఇంకొకటి. ఇంజెక్షన్ బండ్లలో మ్యానిఫోల్డ్ ప్రెషర్ కొలిచే మ్యాప్ సెన్సర్‌కు, కొన్నిట్లో ఫ్యూయల్ ప్రెషర్ రెగ్యులేటర్‌కు.

వీటిలో ఏదీ పొల్యూషన్ పార్టు కాదని గమనించండి. పొల్యూషన్ కోసం పెట్టినవి వేరు: పీసీవీ వాల్వు (ఇంజన్ అడుగున చేరే గ్యాస్‌ను మళ్లీ కాల్చడానికి పంపేది), ఈజీఆర్ (కాలిన పొగలో కొంత మళ్లీ లోపలికి పంపేది), పెట్రోలు ఆవిరిని పట్టే బొగ్గు డబ్బా, దాని పర్జ్ వాల్వు, సైలెన్సర్ లైన్‌లో పొగలోని విషాన్ని తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ (క్యాట్ అంటాం), దానికి ముందూ వెనకా ఆక్సిజన్ సెన్సర్లు. కొత్త డీజిల్ బండ్లలో మసిని పట్టే ఫిల్టర్, డీపీఎఫ్ కూడా. రెండు రకాల పైపులూ ఒకే రంగులో ఒకేచోట పెనవేసుకుని ఉంటాయి కాబట్టి, పొల్యూషన్ పైపు అనుకుని బ్రేకు పైపు మీద చెయ్యి వేసేవాళ్లు ఉన్నారు.

తీసేస్తే పికప్, మైలేజీ పెరుగుతాయట కదా?

ఈ ప్రశ్న దగ్గర కాసేపు ఆగుతా.

ఒక ఏపీ 24 నంబరు మారుతి 800 వచ్చింది. పాత బండే గానీ బాడీ నీట్‌గా ఉంది. ఐడిల్‌లో వణుకుతోంది, ఏసీ వేస్తే ఆగిపోతోంది. “ఆల్రెడీ పైపులన్నీ తీసేయించిన, అయినా గుంజుతలేదన్నా” అన్నాడు ఓనర్. బానెట్ ఎత్తి చూస్తే మ్యానిఫోల్డ్ నిప్పళ్లకు (పైపులు తొడిగే మొనలకు) రెండేసి అంగుళాల పైపు ముక్కలు తొడిగి ఉన్నాయి. ఒక్కో ముక్కలో ఒక్కో స్క్రూ దిగగొట్టి, పైన బైండింగ్ వైర్ చుట్టారు. ఒకదానికి స్క్రూ దొరకలేదో ఏమో, సైకిల్ ట్యూబు ముక్క కట్టారు. డిస్ట్రిబ్యూటర్ పైపు కూడా వాటితోపాటే పోయింది. ఇంతా చేసి అసలు జబ్బు అలాగే ఉంది. బ్రేకు బూస్టర్ పైపు మ్యానిఫోల్డ్ మీద కూర్చునే చోట కింది వైపు సన్న గీత. మామూలుగా చూస్తే ఏమీ లేదు. వేలితో పైపును కొంచెం పక్కకు వంచితే గీత పెదవుల్లా తెరుచుకుంది, ఇస్స్ అని శబ్దం వచ్చింది. వదిలితే మూసుకుంది.

ఆ పైపు మార్చాను, డిస్ట్రిబ్యూటర్‌కు పైపు మళ్లీ వేశాను, స్క్రూలన్నీ పీకాను. వణుకు పోయింది. ఇంతకుముందు ఎవరో తీసుకున్న లేబర్ కంటే నా బిల్లు తక్కువ, అది వేరే సంగతి.

ఇక లెక్కకొద్దాం. ఈజీఆర్ వాల్వు యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు మూసుకునే ఉంటుంది. అలాంటప్పుడు దాన్ని తీస్తే ఓవర్‌టేక్ చేసేటప్పుడు పవర్ ఎక్కడి నుంచి వస్తుంది? బొగ్గు డబ్బా ఇంజన్ నుంచి పవర్ తీసుకోదు. పైగా అది పట్టిన పెట్రోలు ఆవిరిని మళ్లీ ఇంజన్‌కే ఇస్తుంది. పీసీవీ కూడా అంతే. మంచిగా ఉన్న క్యాట్ వల్ల పోయే పవర్ ఊళ్లో నడిపే కారులో కాలికి తెలిసేంత ఉండదు. డిస్ట్రిబ్యూటర్ పైపు తీస్తే మాత్రం తేడా కచ్చితంగా తెలుస్తుంది, మైలేజీ పడిపోతుంది. తీసేశాక బండి తేలికైందని చెప్పేవాళ్లు అబద్ధమాడుతున్నారని అనను. పగిలిన పైపు ఉన్న లైన్ మొత్తం మూసేస్తే లీకు కూడా మూసుకుపోతుంది కదా, బాగుపడింది దాంతో. క్రెడిట్ మాత్రం పీకుడుకు పోతుంది.

ఈజీఆర్‌కు రేకు ముక్క అడ్డం పెట్టిస్తే ఏమవుతుంది?

ఈజీఆర్ చేసే పని, కాలిన పొగలో కొంత మళ్లీ లోపలికి పంపడం. ఆ పొగలో మండే గుణం లేదు కాబట్టి సిలిండర్‌లో వేడి తగ్గుతుంది. వేడి బాగా పెరిగితే గాలిలోని నైట్రోజన్, ఆక్సిజన్ కలిసి నైట్రోజన్ ఆక్సైడ్లు తయారవుతాయి, కళ్లు మండేదీ ఊపిరి పట్టేదీ వాటితోనే. పెట్రోలు బండిలో ఈజీఆర్ మూసేస్తే సగం యాక్సిలరేటర్ మీద, ఎత్తు ఎక్కేటప్పుడు టక్ టక్‌మని నాకింగ్ రావచ్చు. ఎందుకంటే ఆ పొగ వస్తుందన్న లెక్కతోనే టైమింగ్ పెట్టి ఉంటారు.

డీజిల్ విషయంలో ఒక నిజం ఒప్పుకోవాలి. ఈజీఆర్ మూస్తే ఇన్‌టేక్‌లో మసి పేరుకోవడం తగ్గుతుంది, రేకు పెట్టేవాళ్లు చూపించేది అదే. కానీ కంప్యూటర్ ఉన్న బండిలో చెక్ ఇంజన్ లైట్ వెలుగుతుంది, కొన్ని బండ్లు లింప్ మోడ్‌లోకి వెళ్లి స్పీడు ఎక్కవు. నార్కట్‌పల్లి దాటి హైవే ఎక్కాక అలా అయితే లారీల మధ్య టెన్షన్ ఎలా ఉంటుందో ఊహించుకోండి. వాల్వు ఇరుక్కుంటే విప్పి మసి కడిగించండి. కొత్త గాస్కెట్ వేయించండి. సగం కేసులు అక్కడితో అయిపోతాయి.

పీసీవీ పైపు ఊడదీసి కిందికి వదిలేస్తే?

పిస్టన్ రింగుల పక్క నుంచి కొంత గ్యాస్ ఎప్పుడూ ఇంజన్ అడుగు భాగంలోకి, అంటే క్రాంక్‌కేస్‌లోకి, దిగుతూనే ఉంటుంది. పీసీవీ దాన్ని గుంజి మళ్లీ కాల్చేస్తుంది. పైపు మూసేస్తే ఆ ప్రెషర్‌కు దారి ఉండదు, ఆయిల్ సీళ్లు వదులుతాయి, డిప్‌స్టిక్ గొట్టం నుంచి కూడా ఆయిల్ చిమ్మొచ్చు. మూయకుండా కిందికి వదిలితే రోడ్డు మీద ఆయిల్ చుక్కలు, క్యాబిన్‌లో కంపు. ఎలా చూసినా ఆయిల్ తొందరగా బురదవుతుంది. అన్ని పొల్యూషన్ పార్టుల్లో చవకైనది ఇదే, ఇంజన్‌కు ఎక్కువ మేలు చేసేదీ ఇదే.

కారులో పెట్రోలు వాసన వస్తోంది. ఆ నల్ల డబ్బా వల్లేనా? తీసేయొచ్చా?

డబ్బాలో ఉన్నది యాక్టివేటెడ్ బొగ్గు. ట్యాంకులో లేచే ఆవిరిని పట్టి ఉంచి, ఇంజన్ నడుస్తున్నప్పుడు పర్జ్ వాల్వు ద్వారా వదులుతుంది. మే నెలలో నల్లగొండ ఎండ 44, 45 డిగ్రీలకు పోతుంది. ఆ ఎండలో నిలబెట్టిన కారు ట్యాంకులో ఎంత ఆవిరి లేస్తుందో చెప్పక్కర్లేదు. డబ్బా తీసేస్తే అదంతా మీ పార్కింగ్‌లోనే తిరుగుతుంది. ట్యాంకు పైపు మూసేస్తే ఇంకో గొడవ. పెట్రోలు ఖర్చయ్యే కొద్దీ ట్యాంకులోకి గాలి రావడానికి దారి లేక బండి దారిలో ఆగిపోతుంది, మూత తీస్తే కుయ్‌మంటుంది.

వాసన రావడానికి ఎక్కువసార్లు మనమే కారణం. బంకులో గన్ ఆటో కట్ అయ్యాక “రెండు వేలు రౌండ్ చెయ్ తమ్మీ” అంటాం చూడండి, ఆ చివరి అరలీటరు ఆవిరి పైపులోంచి డబ్బాలోకి దిగుతుంది. బొగ్గు ఆవిరికే గానీ పచ్చి పెట్రోలుకు కాదు. తడిస్తే దాని పని అయిపోయినట్టే. ఆటో కట్ కాగానే ఆపండి.

క్యాట్ లోపల గుల్ల చేసి మళ్లీ వెల్డింగ్ పెడతామంటున్నారు. చేయించుకోమంటారా?

వద్దు. లోపలి తేనెపట్టు లాంటి ఇటుకను ఫ్రీగా తీసిపెడతామన్నారంటే ఒకసారి ఆలోచించండి. దాని మీద ప్లాటినమ్, పల్లాడియమ్, రోడియమ్ పూత ఉంటుంది. మీకు చెత్త అని చెప్పి తీసినది స్క్రాప్ కొనేవాళ్ల దగ్గర చెత్త ధరకు పోదు.

క్యాట్ నిజంగా జామ్ అయితే తెలిసే దారి ఉంది. వాక్యూమ్ గేజ్ (గుంజుడు ఎంతుందో ముల్లుతో చూపే మీటరు) పెట్టి ఇంజన్‌ను 2,500 ఆర్‌పీఎం మీద ఉంచండి. ముల్లు మొదట బాగానే ఉండి మెల్లగా దిగిపోతూ ఉంటే పొగ బయటికి పోవట్లేదని అర్థం. అప్పుడు కూడా క్యాట్‌ను తిట్టే ముందు దాన్ని చంపింది ఎవరో చూడండి. ప్లగ్గు లేదా కాయిల్ పాడై మిస్‌ఫైర్ అవుతుంటే కాలని పెట్రోలు వెళ్లి క్యాట్‌లో మండి ఇటుకను కరిగిస్తుంది. ఆయిల్ తాగే ఇంజనైతే ఆయిల్‌లోని ఫాస్ఫరస్ పూతను చంపేస్తుంది. కారణం వదిలేసి కొత్త క్యాట్ వేసినా అదే గతి.

ఇంతకీ మన దగ్గర క్యాట్ నిన్న మొన్న వచ్చింది కాదు. 1995లో నాలుగు మెట్రో నగరాల్లో కొత్త పెట్రోలు కార్లకు తప్పనిసరి చేశారు. సీసం లేని పెట్రోలు 2000 నాటికి దేశమంతా వచ్చింది.

బీఎస్ 6 డీజిల్‌లో డీపీఎఫ్ లైట్ మాటిమాటికీ వస్తోంది. తీయిస్తే పీడ పోతుందా?

డీపీఎఫ్ మసిని పట్టి, తర్వాత దాన్ని సుమారు 600 డిగ్రీల వేడిలో కాల్చేస్తుంది. ఆ కాల్చుడుకు బండి కాసేపు ఆగకుండా పరిగెత్తాలి. గడియారం సెంటర్ నుంచి బస్టాండ్, బస్టాండ్ నుంచి ఇల్లు, ఇలా రోజూ పది నిమిషాల తిరుగుడు మాత్రమే ఉన్న బండికి ఆ అవకాశం రాదు. లైట్ కొత్తగా వెలిగినప్పుడే హైవే ఎక్కి ఇరవై నిమిషాలు ఒకే స్పీడులో నడపండి, చాలాసార్లు ఆరిపోతుంది. వారంలో ఒక్కసారి కూడా హైవే ఎక్కని వాళ్లకు నేను డీజిల్ కొనొద్దనే చెబుతా.

దీనికి తోడు యూరియా సంగతి. పెద్ద డీజిల్ బండ్లలో పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లను తగ్గించడానికి పోసే ద్రవం 32.5 శాతం శుద్ధమైన యూరియా, మిగతాది శుద్ధ నీరు. “మనింట్ల బస్తాలకు బస్తాలు యూరియా ఉంది కదన్నా, కలిపి పోద్దాం” అన్నవాళ్లు ఉన్నారు. వరికి వేసే యూరియాకు వేపనూనె పూత ఉంటుంది, ఇతర మలినాలూ ఉంటాయి. పోస్తే నాజిల్, పంపు, లోపలి క్యాటలిస్టు మూడూ పోతాయి. సబ్సిడీ యూరియాను ఇలా మళ్లించడం నేరం కూడా.

బ్రేకు పైపు విషయంలో ఎందుకంత భయపెడతారు?

ఈగలపెంట దాటాక శ్రీశైలం డ్యామ్ వైపు దిగే మలుపులు చూశారా? అక్కడ బూస్టర్‌కు వాక్యూమ్ లేకపోతే పెడల్ రాయిలా ఉంటుంది. బ్రేకు పూర్తిగా పోదు గానీ మామూలు కంటే ఎన్నో రెట్లు బలంగా తొక్కాలి. భయం అందుకే.

ఇంట్లోనే చూసుకోవచ్చు. ఇంజన్ ఆపి పెడల్ నాలుగైదు సార్లు తొక్కండి, గట్టిపడుతుంది. అలాగే తొక్కిపట్టి ఇంజన్ స్టార్ట్ చేయండి. పెడల్ కొంచెం కిందికి దిగాలి. దిగకపోతే పైపో, అందులోని వన్‌వే వాల్వో, బూస్టరో పాడైంది. డీజిల్ బండ్లలో మ్యానిఫోల్డ్ వాక్యూమ్ సరిపోదు కాబట్టి విడిగా పంపు ఉంటుంది. ఆ పంపు నుంచే టర్బో, ఈజీఆర్‌లకు కూడా లైన్లు పోయే బండ్లున్నాయి. వాటిలో ఒక సన్న పైపు పగిలితే పికప్ పడిపోవడం, బ్రేకు గట్టిపడటం రెండూ కలిసి వస్తాయి.

లీకు ఎక్కడుందో ఎలా పట్టాలి?

ముందు చెవి. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసి, రెండడుగుల రబ్బరు పైపు ముక్క ఒక కొస చెవి దగ్గర పెట్టుకుని రెండో కొసను నిప్పళ్ల చుట్టూ తిప్పండి. ఇస్స్ అనే శబ్దం ఎక్కడ పెరిగితే అక్కడే. ఫ్యాన్, బెల్టు దగ్గరికి చెయ్యీ పైపూ పోనివ్వొద్దు.

రెండోది సబ్బు నీళ్లు. స్ప్రే బాటిల్‌తో కొంచెం కొంచెం కొట్టండి. లీకు ఉన్నచోట నీళ్లను గుంజేస్తుంది, ఇంజన్ శబ్దం ఒక్క క్షణం మారుతుంది. వైర్లు, కాయిళ్ల మీద పడనివ్వకండి. కార్బ్ క్లీనర్ కొట్టేవాళ్లు ఉన్నారు, నేనూ చూశాను. వేడి సైలెన్సర్ మీద పడితే భగ్గుమంటుంది, ఇంటి దగ్గర ఆ పని వద్దు. ఊదుబత్తి పొగతో చూసే తెలివి అసలే వద్దు.

గేజ్ ఉంటే ఇంకా మంచిది. మంచి ఇంజన్ ఐడిల్‌లో 17 నుంచి 21 అంగుళాలు (పాదరసం లెక్కలో) చూపించాలని పుస్తకాల్లో ఉంటుంది. అది సముద్ర మట్టం లెక్క. ప్రతి వెయ్యి అడుగుల ఎత్తుకు సుమారు ఒక అంగుళం తగ్గుతుంది. మహబూబ్‌నగర్ దాదాపు 500 మీటర్ల ఎత్తులో ఉంది కాబట్టి అక్కడ ఒకటిన్నర అంగుళం తక్కువ చూపిస్తే కంగారు పడక్కర్లేదు. ముల్లు నిలకడగా ఉందా, ఊగుతోందా అన్నదే ముఖ్యం.

కారు కంప్యూటర్ కోడ్లు చదివే స్కానర్‌లో పీ0171 వస్తే మిశ్రమంలో గాలి ఎక్కువైందని, పీ0455 వస్తే ఆవిరి లైన్‌లో పెద్ద లీకని, పీ0420 వస్తే క్యాట్ పని తగ్గిందని. మ్యాప్ సెన్సర్ ఉన్న బండిలో లీకుకు కోడ్ రాకుండా ఉత్త ఐడిల్ మాత్రమే పెరగొచ్చు. కోడ్ లేదు కాబట్టి లీకు లేదని అనుకోవద్దు.

ఎలుకలు కొరికేశాయి. ఏ పైపు తెచ్చి వేయాలి?

రైసు మిల్లుల పక్కన, వడ్ల బస్తాలున్న ఇళ్ల దగ్గర పెట్టే కార్లకు ఇది ప్రతి ఏడాదీ ఉండేదే. అక్వేరియం పైపు, మేస్త్రీల లెవెల్ పైపు వేసి తెచ్చేవాళ్లున్నారు. ఇంజన్ వేడికి అది మెత్తబడి, వాక్యూమ్‌కు చప్పగా అతుక్కుపోతుంది. షాపులో వాక్యూమ్ పైపు అనే అడగండి, పాత ముక్క తీసుకెళ్లి లోపలి సైజు చూపించండి. నిప్పల్ మీదికి కొంచెం బలవంతంగా ఎక్కాలి, వదులుగా జారిపోతే అది మీ సైజు కాదు. రంగురంగుల సిలికాన్ పైపులు ఉత్త వాక్యూమ్‌కు బాగుంటాయి గానీ పెట్రోలు ఆవిరి లైన్‌కు, పీసీవీకి పనికిరావు. అక్కడ పెట్రోలు, ఆయిల్ తట్టుకునే రబ్బరే వేయాలి.

ఒకేసారి అన్నీ ఊడదీయొద్దు. ఒకటి తీసి, ఒకటి వేసి, తర్వాత ఇంకోదానికి వెళ్లండి. ముందు ఫోటో తీసుకోవడం మర్చిపోకండి.

అయితే తీసేయదగ్గ పైపే లేదా?

ఉంది. ఒకప్పుడు గ్యాస్ కిట్ పెట్టి తర్వాత తీసేసిన బండ్లలో ‘టీ’ జాయింట్లు, ఎటూ పోని పైపు ముక్కలు మిగిలిపోతాయి. ఎవరో బయట పెట్టిన హారన్ లైన్, పనిచేయని పాత అలారం లైన్ కూడా. ఇవి కంపెనీ ఇచ్చినవి కావు, తీసేసి నిప్పల్‌కు సరైన రబ్బరు క్యాప్ వేయండి. అంబాసిడర్, ఫియట్ లాంటి పాత బండ్లవాళ్లు కూడా అడుగుతుంటారు. వాటిలో తీయడానికి అసలు పెద్దగా ఏమీ లేదు.

చట్టం ఏమంటుంది? ఎవరు చూస్తారని?

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 సవరణ తర్వాత, అనుమతి లేని మార్పు చేసిన ఓనర్‌కు ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ అని సెక్షన్ 182ఎలో ఉంది. పొల్యూషన్ పరిమితి దాటిన బండి నడిపితే సెక్షన్ 190 కింద 10,000 వరకు జరిమానా లేదా మూడు నెలల వరకు జైలు లేదా రెండూ, దానికి తోడు లైసెన్సుపై మూడు నెలల వేటు.

ఎవరు చూస్తారంటే, రోజూ ఎవరూ చూడకపోవచ్చు. పదిహేనేళ్లు దాటాక ఆర్‌సీ రెన్యువల్‌కు బండిని చూపించాలి కదా, ఆ రోజు గుర్తొస్తుంది.

పొల్యూషన్ టెస్టులో పాసైంది కదా, ఇంకేంటి?

బీఎస్ 4 పెట్రోలు కారుకు ఐడిల్‌లో కార్బన్ మోనాక్సైడ్ 0.3 శాతం, హైడ్రోకార్బన్లు 200 పీపీఎం దాటకూడదు. క్యాట్ లేకుండా అందులో పాసవడం కష్టం. నైట్రోజన్ ఆక్సైడ్లను మాత్రం ఆ టెస్టు కొలవదు. కాబట్టి పాసైన కాగితం చూపించి ఈజీఆర్ మూసినా నష్టం లేదనడం కుదరదు. సర్టిఫికెట్ బీఎస్ 4, బీఎస్ 6 బండ్లకు ఏడాది, అంతకు పాతవాటికి ఆరు నెలలు. వాక్యూమ్ లీకుతో మిస్‌ఫైర్ అయ్యే బండికి హైడ్రోకార్బన్ల అంకె చుక్కల్లోకి పోతుంది. పైపు మార్చాకే టెస్టుకు వెళ్లండి, ఫీజు రెండుసార్లు కట్టే పని తప్పుతుంది.

నేను కొన్న సెకండ్ హ్యాండ్ కారులో ముందే ఎవరో అన్నీ పీకేశారు. ఇప్పుడేం చేయాలి?

ఒక్కరోజులో అన్నీ సరిచేయాలనుకోకండి. మొదట బ్రేకు బూస్టర్ లైన్, తర్వాత పీసీవీ. ఈ రెండింటికీ ఖర్చు తక్కువ. మూడోది, కార్బొరేటర్ బండైతే డిస్ట్రిబ్యూటర్ పైపు. ఆ తర్వాత బొగ్గు డబ్బా, ఈజీఆర్. ఇవి సెకండ్ హ్యాండ్‌లో దొరకొచ్చు, కానీ డబ్బాను ఊపి చూడండి, లోపల గలగలమంటే లేదా పెట్రోలు కారితే తీసుకోవద్దు. క్యాట్ చివరన, ఎందుకంటే మిగతావి సరిగా లేకుండా వేస్తే కొత్తదీ పోతుంది.

ఏ పైపు ఎక్కడికి పోవాలో తెలియకపోతే బానెట్ లోపలి వైపు చూడండి, కొన్ని కార్లకు అక్కడ పైపుల బొమ్మ ఉన్న స్టిక్కర్ ఉంటుంది. అది చిరిగిపోయి ఉంటే అదే మోడల్, అదే ఏడాది బండి ఎవరి దగ్గరుందో కనుక్కుని, బానెట్ ఎత్తించి ఫోటో తీసుకోండి. నేను ఆ మారుతి 800కు అలాగే చేశాను. మా వీధి చివర టైలర్ దగ్గర అచ్చం అలాంటి బండే ఉంది, చెయ్యి పెట్టనిది. పైపు నంబర్లు రాసుకోవడానికి ఆయన సుద్ద ముక్కే ఇచ్చాడు.